కిటికీ అద్దమే కరెంటు ఇస్తుందా?

ప్రశ్న: మామూలు అద్దంలా కనిపిస్తూనే విద్యుత్తును తయారుచేసే పారదర్శక సోలార్ ప్యానెళ్లు వచ్చాయని చదివాను. వెలుతురు అద్దాన్ని దాటి గదిలోకి వచ్చేస్తే, ఇక విద్యుత్తు దేని నుంచి పుడుతుంది?

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. పీల్చుకోని కాంతి నుంచి ఏ ప్యానెలూ విద్యుత్తు ఇవ్వలేదు. అయితే సూర్యుడి నుంచి మనకు చేరే శక్తిలో కంటికి కనిపించే కాంతి వాటా సగానికి కాస్త తక్కువే. మిగిలినదాంట్లో అధిక భాగం పరారుణ కిరణాలు, కొద్ది భాగం అతినీలలోహిత కిరణాలు. సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల దృశ్యకాంతిని వదిలేసి, దానికి అటూ ఇటూ ఉన్న కిరణాలను మాత్రమే పట్టుకునే సేంద్రియ (కార్బన్ ఆధారిత) పదార్థాలను శాస్త్రవేత్తలు రూపొందించారు. 2014లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో రిచర్డ్ లంట్ బృందం తయారుచేసిన పలకలో ఇలాంటి అణువులు అదృశ్య కిరణాలను పీల్చుకుని, మరో తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతిగా విడుదల చేస్తాయి. ఆ కాంతి పలక లోపలే పరావర్తనం చెందుతూ అంచులకు చేరితే, అక్కడ అమర్చిన సన్నని సోలార్ సెల్ పట్టీలు దాన్ని విద్యుత్తుగా మారుస్తాయి. దాని సామర్థ్యం, అంటే మీద పడిన సౌరశక్తిలో విద్యుత్తుగా మారే వాటా, అప్పట్లో సుమారు 1 శాతం మాత్రమే.

అద్దం మీదంతా పలుచని సెల్ పొరను పరిచి, దానికి ఇండియం టిన్ ఆక్సైడ్ వంటి పారదర్శక ఎలక్ట్రోడ్లను (విద్యుత్తును బయటికి చేరవేసే పొరలను) జతచేయడం రెండో పద్ధతి. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ పరిశోధకులు 2020లో 8.1 శాతం సామర్థ్యం సాధించారు కానీ, ఆ పలక 43.3 శాతం వెలుతురునే లోపలికి పంపింది. అంటే అది నీడ రంగు వేసిన అద్దంతో సమానం. ఇంటి కప్పు మీద పెట్టే సిలికాన్ ప్యానెల్ 20 శాతం దాటుతున్న సంగతిని ఇక్కడ మరిచిపోకూడదు.

ప్రశ్న: ఫోన్ తెరకు దీన్ని అమర్చితే చార్జర్ అవసరం తీరిపోతుందా?

జవాబు: తీరదు, లెక్క వేసి చూడండి. తెర వైశాల్యం దాదాపు 100 చదరపు సెంటీమీటర్లు. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకు సుమారు 1000 వాట్లు పడతాయి కాబట్టి తెర మీద పడేది 10 వాట్లు. 5 శాతం సామర్థ్యంతో చేతికి వచ్చేది అర వాటు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో దాదాపు 19 వాట్ అవర్ల శక్తి పడుతుంది కనుక, అది నిండాలంటే 38 గంటల నిట్టనిలువు ఎండ కావాలి. అంతసేపు ఎండలో ఉంచితే ముందుగా పాడయ్యేది ఫోనే. పోనీ గదిలో వాడదామంటే, ఎల్ఈడీ బల్బు ఇచ్చేది దాదాపు అంతా దృశ్యకాంతే. ఈ పలక వదిలేసేదీ సరిగ్గా దాన్నే. చేతి గడియారం, చిన్న సెన్సర్ వంటి అతి తక్కువ విద్యుత్తుతో నడిచే పరికరాల సంగతి వేరు, వాటికి ఎండ తగిలితే ఇది కొంత ఆసరా అవుతుంది.

ప్రశ్న: మరి నిజంగా పనికొచ్చే చోట్లు ఏవి?

జవాబు: ఎలాగూ అద్దం పెట్టక తప్పని చోట్లు. ఎత్తైన కార్యాలయ భవనాల్లో కప్పు కొంచెం, అద్దాల గోడలు బోలెడు. నిలువు అద్దం మీద ఎండ ఏటవాలుగా పడడం వల్ల దిగుబడి తగ్గినా, పరారుణ కిరణాలను అడ్డుకోవడం వల్ల గదిలోకి వచ్చే వేడి కొంత తగ్గి ఏసీ మీద భారం తేలికవుతుంది. నా దృష్టిలో ఈ రెండో లాభం మొదటిదానికి ఏమీ తీసిపోదు. గ్రీన్‌హౌస్‌ల పైకప్పుకూ ఇది అనువైనదే, ఎందుకంటే కిరణజన్య సంయోగక్రియకు మొక్కలు వాడుకునేది కూడా ముఖ్యంగా 400-700 నానోమీటర్ల కాంతినే.

కొనేవారికి ఒక హెచ్చరిక. పారదర్శకం అన్న పేరుతో అమ్ముతున్నవాటిలో చాలా వరకు రెండు అద్దాల మధ్య మామూలు సెల్స్‌ను ఎడమెడంగా పేర్చినవే. అవి వరండా కప్పుకు చక్కగా సరిపోతాయి, కిటికీకి మాత్రం గళ్ల నీడ వేస్తాయి. సామర్థ్యం ఎంత అని మాత్రమే కాక, దృశ్యకాంతి ఎంత శాతం దాటుతుందో కూడా అడగండి. ఒక అంకె చెప్పి రెండోది దాటేస్తే తొందరపడకండి. తెరిచి మూసే కిటికీ అయితే తీగను చట్రంలోంచి ఎలా తీస్తారో, ఒక అద్దం పగిలితే మిగిలినవాటి వరుస ఆగిపోతుందో లేదో కూడా ముందే తెలుసుకోండి. ఎండ తగిలే ఖాళీ కప్పు ఉన్నవారు మొదట అక్కడ మామూలు ప్యానెళ్లు పెట్టించుకోవడమే లాభం.