ఉన్నాడో లేడో తెలీదంటే నాస్తికుడేనా?

తిరుపతిలోనే పుట్టి పెరిగి, 'దేవుడున్నాడో లేడో తెలీదు' అంటే నాస్తికుడి కిందే లెక్కా అని అడిగారు. కాదు. దాన్ని అజ్ఞేయవాదం (అగ్నాస్టిసిజం) అంటారు. నమ్మడం వేరు, తెలియడం వేరు. అమ్మ మొక్కిందని కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేవాళ్లలోనూ ఇలాంటివాళ్లు ఉంటారు.

1869లో ఈ వాదానికి పేరు పెట్టిన ఇంగ్లిష్ శాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ పట్టుబట్టింది ఒక్కటే: ఆధారం లేకుండా తెలిసిందని చెప్పకూడదు. ఆస్తికుడికైనా, నాస్తికుడికైనా అదే షరతు.

మొక్కుకున్నాక జ్వరం తగ్గిందనుకోండి. మొక్కు వల్లా, మాత్ర వల్లా, దానంతటదే తగ్గిందా? తేల్చలేం. తగ్గకపోయినా 'లేడు' అని రుజువు కాదు. అనుభవానికి అందనిదాన్ని తర్కంతో నిరూపించలేం, కొట్టిపారేయలేం అని 1781లోనే జర్మన్ తత్వవేత్త కాంట్ వాదించాడు. మనవాళ్లేం తక్కువ తినలేదు: ఈ సృష్టి ఎలా పుట్టిందో పైనున్నవాడికైనా తెలుసో లేదో అని ఋగ్వేదంలోని నాసదీయ సూక్తమే సందేహపడింది.