ఈపీసీ, హ్యామ్ పద్ధతులు వచ్చాక రహదారి పనులు నిజంగా మారాయా?

మీరు రెండు విషయాలు అడిగారు. జాతీయ రహదారుల పనుల్లో ఈపీసీ (డిజైను, కొనుగోళ్లు, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరువే అయ్యే పద్ధతి), హ్యామ్ (ప్రభుత్వం, సంస్థ కలిసి డబ్బు పెట్టే హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి) అంటున్నవి పాత టెండరుకు పెట్టిన కొత్త పేర్లేనా అన్నది మొదటిది. తెలంగాణలో రాష్ట్ర రోడ్లను కూడా హ్యామ్ కింద చేపడతామంటున్నారు కదా, అది అప్పు చేయడం కాదా అన్నది రెండోది. కాంట్రాక్టు సంస్థల తరఫున మొదట సైటు బిల్లింగులో, తరువాత ఒప్పందాల విభాగంలో పనిచేసి, పాత పద్ధతి అయిన ఐటమ్ రేటు పనులనూ ఈపీసీ, హ్యామ్ పనులనూ లోపలి నుంచి చూసినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. మార్పు నిజంగానే వచ్చింది. అయితే పత్రికల్లో ఎక్కువగా చర్చకు వచ్చే పెట్టుబడి వాటాల కంటే, ఎంత భూమి చేతికొచ్చాక గడువు లెక్క మొదలుపెట్టాలన్న షరతే పనుల తీరును ఎక్కువగా మార్చిందని నేను అనుకుంటున్నాను.

ఐటమ్ రేటు పద్ధతిలో డిజైను ప్రభుత్వానిది. కన్సల్టెంటు తయారుచేసిన డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) ఆధారంగా, ఘనపు మీటరు మట్టికట్టకు ఇంత, టన్ను ఇనుముకు ఇంత అని బీఓక్యూలో (పని పరిమాణాల పట్టికలో) ఒక్కొక్క అంశానికి ధర వేస్తాము. జరిగిన పనిని కొలిచి ఎంబీలో (కొలతల పుస్తకంలో) రికార్డు చేశాక బిల్లు వస్తుంది. వినడానికి ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఉండదనిపిస్తుంది. కానీ పరిమాణాలు పెరిగితే ఆ భారం ప్రభుత్వానిదే కనుక, డీపీఆర్‌లో ఏది తప్పుగా లెక్కించారో పసిగట్టడమే టెండరు విభాగంలో అసలు విద్యగా ఉండేది. పెరుగుతుందనుకున్న అంశానికి ఎక్కువ రేటు, తగ్గుతుందనుకున్నదానికి తక్కువ రేటు వేసి, మొత్తం మీద ఎల్-1గా, అంటే అతి తక్కువ ధర వేసినవారిగా నిలిచి, ఆ తరువాత వేరియేషన్ల (పని పరిమాణాల్లో వచ్చే మార్పుల) మీద బతికే సంస్థలు ఉండేవి. నల్లరేగడి నేలల్లోనూ డెల్టా ప్రాంతపు మెత్తటి బంకమట్టిలోనూ అరకొర మట్టి పరీక్షలతో గీసిన డిజైను పని మొదలైన కొద్ది నెలలకే మారిపోయేది. మారిన ప్రతిసారీ ఒక ఉత్తరం, ఒక అంచనా, ఒక ఆమోదం, ఈలోగా యంత్రాలు ఖాళీగా నిలబడినందుకు ఒక క్లెయిము. రోడ్డు మీద బస్సులు తిరగడం మొదలయ్యాక కూడా ఆ క్లెయిములు ఆర్బిట్రేషన్‌లో ఏళ్ల తరబడి నలుగుతూ ఉండేవి.

ఈపీసీలో ఈ ఆట చాలావరకు ఆగిపోయింది. ఇక్కడ మొత్తం పనికి ఒకే ధర. ఏమి కట్టాలో ఒప్పందానికి అనుబంధమైన షెడ్యూల్-బి చెబుతుంది, ఏ ప్రమాణాలతో కట్టాలో షెడ్యూల్-డి చెబుతుంది, ఎలా కట్టాలన్న డిజైను మాత్రం కాంట్రాక్టరుది. దానిని అథారిటీ (పని అప్పగించిన ప్రభుత్వ సంస్థ) తరఫు ఇంజినీరు పరిశీలిస్తాడు. బిల్లులు షెడ్యూల్-హెచ్‌లో ముందే రాసిపెట్టిన శాతాల ప్రకారం దశలవారీగా వస్తాయి. మట్టి ఎక్కువ పట్టినా, రాయి దూరం నుంచి తేవలసి వచ్చినా ఆ నష్టం మాదే, పొదుపు చేస్తే ఆ లాభమూ మాదే. దీని ఫలితాన్ని నేను బాగా గమనించింది పేవ్‌మెంటు డిజైనులో. ఒక పనిలో కంకర క్వారీ చాలా దూరం కావడంతో, మా డిజైనర్లు ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 37వ ప్రమాణం అనుమతించిన విధంగా సిమెంటు కలిపి గట్టిపరచిన సబ్‌బేస్, బేస్ పొరలను ఎంచుకుని రోడ్డు మొత్తం మందాన్ని తగ్గించారు. కంకర అవసరమూ, దానితోపాటు టిప్పర్ల డీజిలు ఖర్చూ బాగా తగ్గాయి. ఐటమ్ రేటులో ఇదే ప్రతిపాదన పెడితే పొదుపు ప్రభుత్వానికి, బాధ్యత సంతకం పెట్టిన ఇంజినీరుకు దక్కేవి కనుక ఎవరూ ముందుకు వచ్చేవారు కాదు. ఇటువంటి పొరలు ఇప్పుడు జాతీయ రహదారుల మీద విరివిగా కనబడుతున్నాయంటే, 2012లో సవరించిన ఐఆర్‌సీ మార్గదర్శకాలు ఎంత కారణమో, డిజైను కాంట్రాక్టరు చేతికి రావడమూ అంతే కారణం.

ఒకే ధర అన్నాక, షెడ్యూల్-బిలో రాయనిది ఒక్క మీటరు కూడా ఎవరూ కట్టరు. ఊరికీ పొలాలకూ మధ్యగా పోయే ఒక బైపాసు పనిలో అండర్‌పాస్ లేదని, తమ ట్రాక్టర్లు ఎటు నుంచి వెళ్లాలని రైతులు పని ఆపించారు. వారు అడిగినది పూర్తిగా న్యాయం. కానీ ఒప్పందం ప్రకారం అది చేంజ్ ఆఫ్ స్కోప్ (పని పరిధిలో మార్పు) అవుతుంది, దాని ప్రతిపాదన సైటు నుంచి బయలుదేరి ఎన్నో బల్లలు దాటి ఆమోదం పొంది తిరిగి రావాలి, అప్పటివరకు ఆ చోట మట్టికట్ట రెండు వైపులా తెగిపోయి నిలబడి ఉంటుంది. డీపీఆర్ దశలో కన్సల్టెంటు ఆ ఊరి రచ్చబండ మీద ఒక పూట కూర్చుని ఉంటే తప్పిపోయే ఖర్చు అది.

హ్యామ్ సంగతి వేరు. అది ప్రధానంగా డబ్బు సమస్యకు వెతికిన పరిష్కారం. దానికి ముందు రెండు దారులు ఉండేవి. సంస్థే కట్టి, నడిపి, చివరికి ప్రభుత్వానికి అప్పగించే బీఓటీ పద్ధతిలో, టోలు వసూలు చేసుకుని పెట్టుబడి రాబట్టుకునే బీఓటీ టోలు ఒకటి. ట్రాఫిక్‌తో సంబంధం లేకుండా ప్రభుత్వమే ఆరు నెలలకోసారి నిర్ణీత మొత్తం చెల్లించే బీఓటీ యాన్యుటీ మరొకటి. ఈ రెండోది మనవాళ్లకు కొత్తేమీ కాదు. పాత ఎన్‌హెచ్-5 మీద తుని–అనకాపల్లి భాగాన్ని 2000ల ఆరంభంలోనే ఆ పద్ధతిలో నాలుగు వరుసలు చేశారు. 2011 ప్రాంతంలో బీఓటీ టోలు పనులకు సంస్థలు పోటీపడి, ప్రభుత్వం నుంచి గ్రాంటు అడగడానికి బదులు తామే ప్రీమియం చెల్లిస్తామని బిడ్లు వేశాయి. తరువాత ట్రాఫిక్ అనుకున్నంత రాక, భూమి అందక, బ్యాంకు రుణాలు మొండిబకాయిలై, కొన్నేళ్లకు కొత్త టెండర్లకు బిడ్డర్లే కరువయ్యారు. కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ 2016 జనవరిలో హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిని ఆమోదించినది ఆ నేపథ్యంలోనే. ఇందులో ప్రాజెక్టు వ్యయంలో 40 శాతాన్ని నిర్మాణ సమయంలోనే ప్రభుత్వం విడతలుగా ఇస్తుంది. మిగతా 60 శాతాన్ని సంస్థ తన సొంత పెట్టుబడితోనూ బ్యాంకు రుణంతోనూ సమకూర్చుకుని, రోడ్డు పూర్తయ్యాక 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి వడ్డీతో సహా తిరిగి పొందుతుంది. టోలు ఆదాయమూ, ట్రాఫిక్ తగ్గితే వచ్చే నష్టమూ ప్రభుత్వానివే.

ఈ ఏర్పాటులో ఒక చిన్న వాక్యం ఎంత చిక్కు తెచ్చిందో చెప్పాలి. మొదటి హ్యామ్ ఒప్పందాల్లో ఆ వడ్డీని రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు 3 శాతం కలిపి లెక్కించాలని రాశారు. 2019 ఆరంభంలో 6.75 శాతం ఉన్న బ్యాంక్ రేటు 2020 మే నాటికి 4.25 శాతానికి దిగింది. సంస్థలకు అప్పిచ్చిన బ్యాంకుల వడ్డీలు మాత్రం అంత వేగంగా దిగలేదు. ప్రభుత్వం నుంచి రావలసిన వడ్డీ ఒక కొలమానం ప్రకారం తగ్గిపోతుంటే, మేము కట్టవలసిన వడ్డీ మరో కొలమానాన్ని పట్టుకుని కదలకుండా కూర్చుంది. ఆ కాలంలో రిజర్వు బ్యాంకు పరపతి విధాన ప్రకటన వెలువడిన ప్రతిసారీ మా ఫైనాన్స్ విభాగంవారు 15 ఏళ్ల లెక్కల పట్టికను మళ్లీ మొదటి నుంచి వేసుకునేవారు. రోడ్డు నిర్మాణంలో ఏ లోపమూ లేకుండానే ప్రాజెక్టు రాబడి తరిగిపోవడం సైటు ఇంజినీర్లకు ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు. 2020 చివర్లో నమూనా ఒప్పందాన్ని సవరించి, వడ్డీని ఐదు పెద్ద బ్యాంకుల ఏడాది ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకులు తమ రుణాలకు పెట్టుకునే కనీస వడ్డీ కొలమానం) సగటుకు 1.25 శాతం కలిపి లెక్కించేలా మార్చారు. నిర్మాణ కాలపు చెల్లింపులను కూడా ఐదు విడతల నుంచి పది విడతలకు పెంచారు. రెండో సవరణను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, తరువాతి విడత వచ్చేదాకా ఉప కాంట్రాక్టర్ల బిల్లులు ఆపుకోవలసిన అవస్థను తగ్గించింది అదే.

కనుక మీ రెండో ప్రశ్నకు సమాధానం అవుననే చెప్పాలి. ఆ 60 శాతం రాబోయే బడ్జెట్ల మీద పడే బాధ్యతే; ఇంట్లోకి ఫ్రిజ్‌ను వాయిదాల మీద తెచ్చుకున్నట్టే, కాకపోతే ఇక్కడ అమ్మినవాడు వాయిదాలు తీరేదాకా దానిని బాగుచేస్తూ ఉండాలి, చేయకపోతే వాయిదాలో కోత పడుతుంది. ఆ కోత భయం వట్టిది కాదు. మళ్లీ పొర వేయాల్సి వస్తే ఖర్చు తనదేనని తెలిసిన సంస్థ, తారు పొర వేసే రోజున మిక్స్ ఉష్ణోగ్రతనూ రోలరు ఎన్నిసార్లు తిరిగిందన్న లెక్కనూ పై ఇంజినీరు అడగకముందే తానే చూసుకుంటుంది. ఐటమ్ రేటు సైట్లలో ఈ శ్రద్ధ నాకు అరుదుగా కనిపించింది.

ఇక భూమి సంగతి. పాత పనుల్లో పని ప్రారంభించమని ఉత్తరం ఇచ్చిన నాటి నుంచి గడువు నడిచేది, భూమి మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చేది. 1956 జాతీయ రహదారుల చట్టం కింద 3ఎ నోటిఫికేషనుతో సేకరణ ఉద్దేశాన్ని ప్రకటిస్తారు, 3డి ప్రకటనతో భూమి ప్రభుత్వానికి దఖలు పడుతుంది, 3జి కింద పరిహారం నిర్ణయిస్తారు, ఆ సొమ్ము జమ అయ్యాకే స్వాధీనం. ఈ మెట్లలో ఎక్కడ ఆగినా పని ఆగుతుంది, పని ఆగితే పరిహారం అడిగే హక్కు కాంట్రాక్టరుకు వస్తుంది. ఈపీసీ నమూనా ఒప్పందం 90 శాతం, హ్యామ్ ఒప్పందం 80 శాతం రైట్ ఆఫ్ వేను (రోడ్డుకు కావలసిన స్థలాన్ని) ముందుగా అప్పగించాలన్నాయి. హ్యామ్‌లో అది జరగనిదే గడువుకు మొదటి రోజైన అపాయింటెడ్ డేట్ ప్రకటించరు. బీఓటీ ఒప్పందాల్లోనూ ఇటువంటి షరతు ఉండేది గానీ అప్పట్లో దానిని గట్టిగా పట్టుకున్నవారు తక్కువ. నిర్మాణ సమయంలో తానూ డబ్బు పెట్టవలసి వచ్చాక అథారిటీ పట్టుకుంది, చేతులు కాల్చుకున్న బ్యాంకులు అంతకంటే గట్టిగా పట్టుకున్నాయి. అపాయింటెడ్ డేట్ నెలల కొద్దీ వెనక్కి జరిగితే విసుగే, కానీ ఆ నెలల్లో క్యాంపు, హాట్‌మిక్స్ ప్లాంటు, యంత్రాలు దింపుకుని ఊరికే కూర్చోనక్కరలేదు.

అలాగని ఆ షరతు అన్నిటినీ చక్కబెట్టలేదు. మిగిలిపోయే 20 శాతం ఎప్పుడూ అతి కష్టమైన 20 శాతమే: కోర్టు స్టే ఉన్న స్థలం, రైల్వే ఆమోదం కోసం ఎదురుచూసే ఆర్‌ఓబీ (రైలు పట్టాల మీది వంతెన), ఊరి మధ్య ఇళ్లు, హైటెన్షన్ టవర్లు. నాలుగు వరుసల కొత్త రోడ్డు మీద సాఫీగా పోతూ పోతూ ఒక ఊరి దగ్గర డైవర్షన్ బోర్డు చూసి పాత రెండు వరుసల్లోకి దిగిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది. మిగతా భాగానికి తాత్కాలిక పూర్తి ధ్రువపత్రం ఇచ్చి, ఆ ముక్కను తరువాతకు వదిలేశారని అర్థం.

అమెరికాలో వాడే కొన్ని పద్ధతులు మన దగ్గర ఎందుకు నిలదొక్కుకోలేదో కూడా దీంతోనే తెలుస్తుంది. అక్కడి ఏ ప్లస్ బీ బిడ్డింగులో ధరతోపాటు ఎన్ని రోజుల్లో పూర్తిచేస్తారో కూడా బిడ్డరే చెప్పాలి. ప్రతి రోజుకూ ఒక వెల కట్టి, రెండూ కలిపి పోలుస్తారు. 1994 జనవరిలో నార్త్‌రిడ్జ్ భూకంపానికి లాస్ ఏంజెలెస్‌లో శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలినప్పుడు, 140 రోజుల గడువుకు ముందే ముగిస్తే రోజుకు 2 లక్షల డాలర్ల బోనస్, దాటితే అంతే జరిమానా అన్న ఒప్పందం మీద సీసీ మయర్స్ సంస్థ 66 రోజుల్లో పని పూర్తిచేసింది. 2007 ఆగస్టులో మినియాపొలిస్‌లో ఐ-35డబ్ల్యూ వంతెన మిసిసిపీ నదిలోకి కూలి 13 మంది చనిపోయాక, అందరికంటే ఎక్కువ ధర వేసిన బృందానికే సాంకేతిక మార్కులను బట్టి డిజైన్-బిల్డ్ పద్ధతిలో పని అప్పగించారు. 2008 సెప్టెంబరుకల్లా కొత్త వంతెన తెరుచుకుంది. మన దగ్గర ఎల్-1 కానివారికి పని ఇస్తే, ఆ ఫైలు మీద సంతకం పెట్టిన అధికారికి పదవీ విరమణ తరువాత కూడా నిద్ర పట్టదు. అయినా అసలు తేడా అది కాదు. ఆ రెండు చోట్లా పాత వంతెన ఉన్న స్థలంలోనే కొత్తది కట్టారు, భూమి కోసం ఎవరినీ అడగనక్కరలేదు. మన ఈపీసీ నమూనాలోనూ ముందస్తు పూర్తికి రోజుకు ఒప్పంద ధరలో 0.03 శాతం, గరిష్ఠంగా 3 శాతం బోనస్ రాశారు. నేను పనిచేసిన సైట్లలో దానిని అందుకున్నవారు లేరు. పోయిన రోజు ఎవరి వల్ల పోయిందో తేలనప్పుడు రోజుకు వెల కట్టడం ఎవరి తరమూ కాదు.

రాష్ట్ర రోడ్ల హ్యామ్ విషయంలో మీరు గమనించవలసినవి రెండున్నాయి. యాన్యుటీ సొమ్ము ఏ ఖాతా నుంచి వస్తుంది, దానికి బడ్జెట్‌లో విడిగా రక్షణ ఉందా అన్నది ఒకటి. బిల్లులు పెండింగులో పడటం రాష్ట్రాల పనులు చేసినవారికి కొత్త కాదు కనుక, ఆ భరోసా లేకపోతే బ్యాంకులు వడ్డీ పెంచుతాయి, సంస్థలు ఆ వడ్డీని బిడ్ ధరలోనే కలుపుకుంటాయి, చివరికి అదే రోడ్డు ప్రభుత్వానికి ఎక్కువ ఖరీదుకు వస్తుంది. రెండోది భూమి. ఉన్న రోడ్డును ఉన్న హద్దుల్లోనే వెడల్పు చేసే పనులకు హ్యామ్ బాగా సరిపోతుంది, కొత్త బైపాసులకు అంత తేలిక కాదు. టెండరు పత్రాలు ఈ-ప్రొక్యూర్‌మెంట్ వెబ్‌సైటులో పెట్టినప్పుడు, వ్యయం అంకెలు చూసే ముందు షెడ్యూల్-ఎ తెరిచి, ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు స్థలాన్ని ఏ తేదీకి అప్పగిస్తారో రాసిన అనుబంధాన్ని చదవండి. ఆ గడుల్లో తేదీలకు బదులు ఖాళీలుంటే, ఆ పని ఎప్పటికి పూర్తవుతుందని కాంట్రాక్టరును అడిగి ప్రయోజనం లేదు.