మైనర్ లీగ్ కుర్రాడిని పైకి పంపేదెప్పుడు?

ప్రశ్న: బేస్‌బాల్‌లో మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కిందున్న డబుల్-ఏలో .320 బ్యాటింగ్ సగటున్నా (వందకు 32 హిట్లు) కొందరిని పైకి పంపరెందుకు?
– ఓ పాఠకుడు, తిరుపతి

జవాబు: సగటు ఒక్కటే చూస్తే మోసపోతాం. నేలబంతులు సందుల్లోంచి జారిపోయినా అది పెరుగుతుంది. ముందు స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో ఔటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలి ఉచితంగా బేస్ చేరడం) చూడండి. వందసార్లు బ్యాటింగ్‌కొచ్చి ముప్పైసార్లు స్ట్రైకౌటై, అయిదే వాక్‌లు తెచ్చుకున్నవాడు బయటికి వంగే స్లైడర్ బంతిని వదలడం ఇంకా నేర్వలేదన్నమాట. పైస్థాయి పిచర్లు (బంతి విసిరేవాళ్లు) అతనికి అదే వేస్తారు. డబుల్-ఏలో ఒకసారి ఆడిన పిచర్లే మళ్లీ ఎదురైనప్పుడు నిలబడ్డాడా అన్నదే అసలు పరీక్ష.

మేజర్ లీగ్‌కు ఒక్క మెట్టు కిందున్న ట్రిపుల్-ఏ అంకెల్నీ కాస్త తగ్గించి చూడాలి. అక్కడి జట్టొకటి ఆడే అమెరికా నగరం ఆల్బుకర్కీ మన హార్స్‌లీ కొండలకన్నా ఎత్తు. పల్చటి గాలిలో బంతి దూరం పోతుంది.

ఆటతో సంబంధంలేని అడ్డంకులూ ఉన్నాయి: మేజర్ లీగ్ జట్టు 40 మంది జాబితాలో ఖాళీ ఉండాలి. పైగా మేజర్ లీగ్‌లో 172 రోజులుంటే ఏడాది సర్వీసు (స్వేచ్ఛగా వేరే జట్టుకు పోవడానికి లెక్కించే కాలం) కింద లెక్క. అది తప్పించడానికి, పైస్థాయికి సిద్ధమైనవాడినీ జట్లు కొన్ని వారాలు ఆపడం అన్యాయమే.