ఇంటి నష్టం చూపిస్తే జీతం మీద పన్ను తగ్గుతుందా?

ప్రశ్న: నా జీతం ఏడాదికి 18 లక్షలు. 2023 మొదట్లో 65 లక్షలకు రెండో ఫ్లాట్ కొన్నాను. ఇంకా 50 లక్షల అప్పు ఉంది. వడ్డీ 8.5 శాతం, ఈఎంఐ 43,400. అద్దె 18,000 వస్తోంది. ‘ఇంటి నష్టం చూపిస్తే పన్ను తగ్గుతుంది, కంగారెందుకు’ అంటున్నారు మా సహోద్యోగి. నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను. ఫ్లాట్ ఉంచుకోవాలా, అమ్మేయాలా?

జవాబు: ఆయన చెప్పింది పాత విధానం సంగతి. కొత్త విధానంలో అద్దెకిచ్చిన ఇంటి రుణ వడ్డీని అద్దెలోంచి మినహాయించుకోవచ్చు గానీ, ఆ పైన తేలే నష్టాన్ని జీతంలోంచి తీసేయడానికి వీల్లేదు. మీకు దక్కుతున్నదల్లా అద్దె మీద పన్ను పడకపోవడమే.

ఏడాది అద్దె 2,16,000. మీరు కట్టే ఇంటి పన్ను 6,000 అనుకుంటే మిగిలేది 2,10,000. ఇందులో 30 శాతం, అంటే 63,000 మరమ్మతుల వంటి ఖర్చులకని చట్టమే తీసేస్తుంది. మీరు రంగులు వేయించినా వేయించకపోయినా అంతే. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్‌కు వేరే మినహాయింపు లేదు. మిగిలిన 1,47,000లోంచి వడ్డీ సుమారు 4,20,000 తీసేస్తే నష్టం 2,73,000.

పోనీ, పాత విధానానికి మారితే? అక్కడా ఏడాదికి 2 లక్షల వరకే జీతంలో సర్దుకోనిస్తారు. మిగతా 73,000ను ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లవచ్చు, అదీ ఇంటి ఆదాయం మీదే వాడుకోవాలి. ఆ 2 లక్షలు, జీతగాళ్లందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ 50,000, పీఎఫ్, బీమా వంటి పొదుపులకు 80సి కింద 1.5 లక్షలు తీసేస్తే 14 లక్షల మీద పన్ను సెస్సుతో కలిపి 2,41,800. కొత్త విధానంలో 2025-26 శ్లాబుల ప్రకారం 1,50,800. నష్టం చూపించుకునే ముచ్చటకు 91,000 అదనం అన్నమాట! హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) వగైరా మినహాయింపులు ఇంకో 2.92 లక్షలు దాటితే తప్ప మీకు పాతది గిట్టదు.

ఇక అసలు నష్టం. అద్దెలోంచి ఇంటి పన్ను, నెలకు 2,500 చొప్పున మెయింటెనెన్స్ పోతే చేతికొచ్చేది 1,80,000. వడ్డీకి పోయేది 4,20,000. ఏటా 2,40,000 మీ జేబులోంచే. ఫ్లాట్ ధర ఏటా దాదాపు 3.7 శాతం పెరిగితే అది పూడుతుంది, అంతే. మీరు మొదట్లో పెట్టిన సొంత సొమ్ముకు రాబడి ఇంకా రానట్టే లెక్క.

పన్ను లెక్కల్లో ఇప్పట్లో మీకు అక్కరకు రాని వడ్డీ ఆ 2,73,000. సుమారు 32 లక్షల అసలు మీద పడే వడ్డీ అది. కాబట్టి ఆ మేరకు అప్పు ముందే తీర్చేసినా మీరు పోగొట్టుకునే పన్ను మినహాయింపేమీ లేదు. ఫ్లోటింగ్ రేటు (ఎప్పటికప్పుడు మారే వడ్డీ) గృహరుణమైతే ముందస్తు చెల్లింపుకు బ్యాంకు రుసుము వేయకూడదు. ఆరు నెలల ఖర్చులు పక్కన ఉంచుకుని, బోనస్ వచ్చినప్పుడల్లా ఇటు మళ్లించండి. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే పన్ను పోగా 8.5 శాతం మిగలదు.

ఉంచుకోవాలా వద్దా అన్నది ధరను బట్టి. బ్రోకర్ చెప్పే రేటు వదిలేయండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఈమధ్య అమ్మిన ఫ్లాట్లు నిజంగా ఎంతకు పోయాయో కనుక్కోండి. కొన్న ధర దగ్గరే ఆగిపోయి, ముందే తీర్చడానికి మీ దగ్గర డబ్బూ లేకపోతే, నా ఓటు అమ్మకానికే.

24 నెలలు దాటాయి గనుక లాభం వస్తే అది దీర్ఘకాలిక మూలధన లాభం. 2024 జులై 23కు ముందు కొన్నారు కాబట్టి ఇండెక్సేషన్ (ద్రవ్యోల్బణాన్ని బట్టి కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండిట్లో ఏది తక్కువైతే అంతే కట్టొచ్చు. రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులు కొనుగోలు ధరలో కలపండి. మినహాయింపుగా వాడుకున్న వడ్డీని మాత్రం మళ్లీ కలపకూడదు. కొన్నదానికన్నా తక్కువకు అమ్మితే ఆ నష్టం జీతంలో కలవదు. షేర్లు, ఫండ్ల మీద వచ్చే దీర్ఘకాలిక లాభాల్లో ఎనిమిదేళ్లపాటు సర్దుకోవచ్చు, ఆ ఏడాది రిటర్ను గడువులోగా వేసి ఉంటేనే.