హెచ్-4 మీద డల్లాస్ వెళ్లే ముందు

చెల్లీ, మీ ఆయన డల్లాస్‌లో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నారు, ప్రొద్దుటూరులో టీచర్ ఉద్యోగం మానేసి వెళ్తే అక్కడ పని చేసుకోవచ్చా అని అడిగావు. ఆయన భార్యగా నీకొచ్చే హెచ్-4 వీసా మీద చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. 2015 నుంచి ఇస్తున్న హెచ్-4 ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కూడా, మామూలుగా గ్రీన్ కార్డు కోసం ఆయన పేరు మీద కంపెనీ వేసే ఐ-140 దరఖాస్తు ఆమోదం పొందాకే వస్తుంది. అది ఎంతవరకు వచ్చిందో ఆయన్నే సూటిగా అడుగు. నేను మొహమాటపడి అడగలేదు, ఏడాదిన్నర గోడలు చూస్తూ కూర్చున్నా. కడపలో నెలనెలా జీతం తీసుకున్నదాన్ని, ఇక్కడ అమెరికాలో ఉప్పు ప్యాకెట్ కొనాలన్నా మా ఆయన కార్డే!

రాజీనామా వీసా స్టాంపు పడ్డాకే ఇవ్వు. పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించు. నాది ఒక్క అక్షరం తేడా వచ్చి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగాను. కారు నడపడం ప్రొద్దుటూరులోనే నేర్చుకుని రా. ఇక్కడ సందు చివర ఆటోలు ఉండవు.