ఇంగ్లీష్‌లో జవాబు చెప్పగలను, ప్రశ్న అడగలేకపోతున్నాను. ఏం చేయాలి?

చదివితే అర్థమవుతుందని, అడిగినదానికి జవాబు కూడా చెప్తానని, తనే ఏదైనా అడగాల్సి వస్తే మాత్రం నోరు పెగలదని ఇక్కడ ఒకరు రాశారు. నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకు సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తాను. ఈ ఇబ్బంది దాదాపు అందరిలోనూ చూస్తున్నాను. బడిలో ప్రశ్న ఎప్పుడూ మాస్టారిది, జవాబు మనది. అడగడం ఎవరూ నేర్పలేదు, మీలో లోపమేమీ లేదు.

దీనికి తోడు, తెలుగులో వాక్యం చివరికొచ్చాక కూడా దాన్ని ప్రశ్నగా మార్చేయొచ్చు. "ఈ బస్సు పలాస వెళ్తుంది" అనబోయి "వెళ్తుందా?" అంటే సరిపోతుంది. ఇంగ్లీష్‌లో నోరు తెరిచేలోపే తేల్చుకోవాలి: "డజ్ దిస్ బస్ గో టు పలాస?" అయిపోయిన సంగతైతే "డిడ్". కాలం అక్కడే చెప్పేశాం కాబట్టి తర్వాత "గో" అనే ఉంటుంది, "వెంట్" రాదు. అందుకే వాక్యాలు బట్టీ పట్టొద్దు. "డూ యూ", "డిడ్ దే", "వేర్ డజ్ ఇట్", "హౌ లాంగ్ హావ్ యూ" లాంటి మొదటి ముక్కలు ఆలోచించకుండా వచ్చేదాకా పైకి పలకండి.

మా క్లాసులో బాగా పనిచేసింది పొందూరు ఆట. ఒకరు అక్కడ ఖద్దరు నూలు వడికేవాళ్లు, ఇంకొకరు బయటి రాష్ట్రం నుంచి చూడ్డానికి వచ్చినవాళ్లు. వచ్చినవాళ్లు ప్రశ్నలే వేయాలి. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రం చేస్తారని పిల్లలకు ముందే తెలుసు. తెలిసిన సంగతి కాబట్టి టెన్షన్ ఉండదు, ధ్యాసంతా ప్రశ్న కట్టడం మీదే ఉంటుంది. "వాట్ ఈజ్ దిస్ బోన్ ఫర్?" "వేర్ డూ యూ గెట్ ఇట్?" "హూ టాట్ యూ?" ఈ చివరిదాంట్లో డిడ్ లేదు చూడండి. ఆ పని చేసిందెవరో అడిగేటప్పుడు అది అక్కర్లేదు. వచ్చిన జవాబులోంచి ఇంకో ప్రశ్న లాగడం మరీ ముఖ్యం. బెరుకుగా కూర్చునే పిల్లలు కూడా అక్కడ గొంతెత్తుతారు, నాకు ఎంత సంతోషమో!

కొత్తవాళ్లను అడిగేటప్పుడు మనం "అండీ" తగిలిస్తాం. ఇంగ్లీష్‌లో ముందే "కుడ్ యూ టెల్ మీ" అనాలి. అలా మొదలుపెడితే తర్వాతి మాటల వరస మామూలు వాక్యంలాగే ఉంటుంది: "కుడ్ యూ టెల్ మీ వేర్ ద స్టేషన్ ఈజ్?" (శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో కాబట్టి మా ఊళ్లో ఇది పనికొచ్చే ప్రశ్నే.) మన "కదా"కి బదులు వచ్చే "ఈజింట్ ఇట్", "డోంట్ యూ" గురించి ఇప్పుడే బెంగ వద్దు, మాటల్లో "రైట్?" అంటే చాలు.

ఇంటర్వ్యూకి వెళ్తుంటే, ఆఖర్లో "ఎనీ క్వశ్చన్స్?" అన్నప్పుడు "నో సర్" అని లేచి రాకండి. "హూ విల్ ఐ బి వర్కింగ్ విత్?" లాంటిది ఒకటి ఇంట్లోనే పైకి పలికి సిద్ధం చేసుకుని వెళ్లండి.