ఈఎంఐకి మూఢం ఉండదు

ప్రశ్న: నిజాంపేటలో అద్దెకు ఉంటూ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. సీజన్‌లో నెలకు 70,000 దాకా వస్తుంది, లేనప్పుడు 20,000 కూడా రాదు. 2021లో కొన్న ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని చివరి ఫైలుగా తయారుచేయడం) పెట్టగానే మిక్సీలా మోగుతోంది, పక్క గదిలో పాప లేచిపోతోంది. 6,500 పెట్టి కార్డుని చల్లబరిచే ఫ్యాన్ల సెట్టు, అంటే కూలర్ మార్పించాలా? 48,000 పెట్టి కొత్త కార్డు నో-కాస్ట్ ఈఎంఐలో తీసుకోవాలా? బ్యాంకులో 40,000 ఉంది.

జవాబు: పాప నిద్ర చెడితే మీ నిద్రా చెడుతుంది, అర్థమైంది. కానీ ఆ 40,000 జోలికి వెళ్లకండి. అద్దె, ఇంటి ఖర్చులు లెక్కేస్తే అది మీకు రెండు నెలలు కూడా రాదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే ముహూర్తాలే దొరకవు. ఈఎంఐకి అలాంటి సెలవులేమీ లేవు, ఏడాది పాటు నెలకు 4,000 కట్టాల్సిందే. పైగా నో-కాస్ట్ అన్నది పేరుకే. వడ్డీని డిస్కౌంటుగా చూపిస్తారు గానీ, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. 16 శాతం వడ్డీ అనుకుంటే అదే దాదాపు 700 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఒక్క వాయిదా తప్పితే మిగతా కథ మీకు తెలిసిందే.

అసలు మోగుతున్నది ఏంటో చూశారా? సన్నగా కీచుమనే శబ్దమైతే అది కార్డులోని కాయిల్స్‌ది, కూలర్ మార్చినా పోదు. 6,500 గోదాట్లో పోసినట్టే. హోరుమంటుంటే ఫ్యాన్లది. అప్పుడు కూడా ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ని, అంటే కార్డు వాడుకునే కరెంటు పరిమితిని 80 శాతానికి తగ్గించండి. 170 వాట్ల కార్డు 136 దగ్గర ఆగుతుంది. రెండరింగ్ కాస్త ఆలస్యమవుతుంది, వేడి మాత్రం బాగా తగ్గుతుంది. వేడి తగ్గితే ఫ్యాన్లూ నెమ్మదిస్తాయి.

తర్వాత దుమ్ము. మా ఆఫీసు కంప్యూటర్ విప్పినప్పుడు వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దూదిపింజల్లా దుమ్ము పేరుకుని ఉంది. చిప్ వేడిని హీట్‌సింక్‌కి చేరవేసే పేస్ట్ ఎండి సున్నంలా రాలింది. మీదీ ఇన్నేళ్ల కార్డు, పరిస్థితి అదే అయ్యుండొచ్చు. ఊదించి, కొత్త పేస్ట్ రాయించడం కొన్ని వందల్లో తేలే పని. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి అడగండి, ఒక్క షాపు మాట మీద ఆగొద్దు. వారంటీ మిగిలుందేమో విప్పించే ముందే బిల్లు చూసుకోండి.

ఇవన్నీ చేసినా హోరు తగ్గకపోతే కూలర్ మార్చడంలో తప్పులేదు. పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోలుతుంది, అందుకే చప్పుడు తక్కువ. అయితే స్క్రూ రంధ్రాల దూరం మీ కార్డుకే సరిపోవాలి, మెమరీ చిప్‌లకూ చల్లదనం అందాలి, లావు కూలర్ మీ క్యాబినెట్‌లో పట్టాలి. ఈ మూడూ షాపులో తేల్చుకున్నాకే డబ్బివ్వండి. ఆ 6,500 కూడా సీజన్ ఆదాయంలోంచి రెండు నెలల్లో పక్కన పెట్టి, నగదుగా కట్టండి. పాత కూలర్‌ని మాత్రం షాపులో వదిలేసి రావద్దు. రేపు కార్డు అమ్మాలంటే కొనేవాళ్లు మొదట అడిగేది దాన్నే.